మార్కుల గడి ఎలా ఉంటే తరగతిలో పరీక్ష అలా

టీచరు తరగతిలో ఏ ప్రశ్న అడుగుతారు, నోటితో అడుగుతారా రాయమంటారా, రాసినదాన్ని ఎంత లోతుగా దిద్దుతారు అన్నవి పైకి టీచరు సొంత నిర్ణయాల్లా కనిపిస్తాయి. చాలావరకు కావు. ఆ మార్కు ఎక్కడ ఎక్కించాలి, దాన్ని ఎవరు చూస్తారు, చూసి ఏం చేస్తారు అన్న మూడు సంగతులు ముందే తేలిపోయి ఉంటాయి. వాటి మధ్య మిగిలిన సందులోనే టీచరు ఎంచుకోవాలి. విజయవాడ, గుంటూరులో ఈ సంగతి చాలా తేలిగ్గా కంటపడుతుంది. నాలుగు వీధుల దూరంలోనే మునిసిపల్ హైస్కూలు, స్టేట్ సిలబస్ ప్రైవేటు బడి, సీబీఎస్‌ఈ బడి, ఐఐటీ ఫౌండేషన్ పేరుతో నడిచే కార్పొరేట్ బ్రాంచి ఉంటాయి. అన్నిచోట్లా ఏడో తరగతిలో భిన్నాలు చెబుతారు. చెప్పేవాళ్లలో చాలామంది ఒకే రకం కాలేజీల్లో బీఈడీ చేసినవాళ్లే. కానీ పరీక్ష పెట్టే పద్ధతి మాత్రం బడికొక తీరు. టీచరు మారితే వచ్చే తేడా కన్నా మార్కుల విధానం మారితే వచ్చే తేడా ఇక్కడ పెద్దది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లల అవగాహనను నిరంతరంగా, సమగ్రంగా అంచనా వేయాలని ఆ చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. ఏడాది చివర ఒక్క పరీక్షతో తేల్చేయకుండా ఏడాది పొడుగునా పిల్లల్ని గమనించమన్నది దాని సారం. బడుల్లో అందరూ సీసీఈ అనేది దీన్నే. ఆంధ్రప్రదేశ్‌లో అది ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్), ఎస్‌ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్) అనే రెండు రకాల మూల్యాంకనంగా తరగతి గదిలోకి వచ్చింది. ఎస్‌ఏ అంటే మామూలు పెద్ద పరీక్ష. ఎఫ్‌ఏ కొత్తది. దానికి మొదట్లో పెట్టింది 50 మార్కులు: పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10, రాత పనికి 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టు అనే చిన్న రాతపరీక్షకు 20. అంటే యాభైలో ముప్పై మార్కులు పరీక్ష రాయకుండానే వచ్చేవి. నోటితో బాగా చెప్పగలిగి రాతలో తడబడే పిల్లకు, చేత్తో చేసి చూపించగలిగే పిల్లాడికి చోటు ఉండాలన్న ఆలోచన దీని వెనక ఉంది. ఇంత మంచి ఆలోచన మన పరీక్షల్లోకి అంతకు ముందు రాలేదు.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడాలి. హైస్కూల్లో ఒక సబ్జెక్టు టీచరుకు నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కి నలభై మంది అనుకుందాం. మొత్తం 160 మంది. ఒక్కొక్కరికి నాలుగు గళ్లు నింపాలి కాబట్టి ఒక ఎఫ్‌ఏకి 640 అంకెలు. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలైతే 2,560. ఎస్‌ఏ పేపర్లు దిద్దడం, రిజిస్టరులో రాసినదాన్ని మళ్లీ ఆన్‌లైన్‌లో ఎక్కించడం దీనికి అదనం. ఇప్పుడు భాగస్వామ్యం అనే ఒక్క గడినే తీసుకుందాం. ఒక పిల్లను పిలిచి, పాఠం మీద తన మాటల్లో చెప్పించి, ఒకటి రెండు ప్రశ్నలడిగి వినడానికి ఐదు నిమిషాలు చాలనుకున్నా 160 మందికి 800 నిమిషాలు కావాలి. నలభై ఐదు నిమిషాల పీరియడ్ల చొప్పున దాదాపు 18 పీరియడ్లు. ఆ గడిని నిజాయితీగా నింపాలంటే పాఠం చెప్పడం ఆపేయాలి.

అన్ని పీరియడ్లు ఎవరికీ ఉండవు. మార్కుల ఎంట్రీ గడువు రేపటితో ముగుస్తుందని హెచ్‌ఎం వాట్సాప్ గ్రూపులో పెట్టాక జరిగేది ఒక్కటే. స్లిప్ టెస్టు కట్ట పక్కన పెట్టుకుంటారు. ఇరవైకి 18 వచ్చిన పిల్లకు మిగతా మూడు గళ్లలో తొమ్మిదేసి పడతాయి. పది వచ్చిన పిల్లాడికి ఆరేసి. నాలుగు వైపుల నుంచి పిల్లను చూడాలని పెట్టిన నాలుగు గళ్లు ఒకే పరీక్షకు నాలుగు నకళ్లుగా మిగులుతాయి. నోటితో చెప్పగలిగి రాయలేని పిల్ల కోసం పెట్టిన గడి ఆ పిల్లకే పనికిరాకుండా పోతుంది. దీన్ని టీచర్ల బద్ధకం అనడం అన్యాయం. అడిగింది అంకె, గడువు పెట్టింది అంకెకు, తనిఖీకి వచ్చిన మండల విద్యాధికారి (ఎంఈఓ) చూసేది గళ్లు నిండాయా లేదా అని. ఆ అంకె వెనక గమనించడం జరిగిందా లేదా అని అడిగే ఏర్పాటు ఎక్కడా లేదు. అడగనిదాని మీద టైమ్ పెట్టే టీచర్లు ఉన్నారు. కానీ ఒక విధానం నడవడానికి అలాంటివాళ్ల మంచితనమే ఆధారం కాకూడదు.

ప్రాజెక్టు గడి కథ ఇంకాస్త లోతైంది. గుంటూరులో లెక్కల టీచరు లాభనష్టాల పాఠానికి మిర్చి యార్డు మీద ప్రాజెక్టు ఇవ్వొచ్చు. ఊళ్లో దానికి మించిన లెక్కల ప్రయోగశాల లేదు. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు ఎన్ని కిలోలు, క్వింటా ధర రకాన్ని బట్టి ఎలా మారుతుంది, కమిషన్, హమాలీ ఖర్చు పోగా రైతు చేతికి వచ్చేదెంత – ఏడో తరగతి శాతాలన్నీ అందులో ఉన్నాయి. ఇద్దరు పిల్లల్ని ఊహించుకుందాం. ఒకడి నాన్న యార్డులో హమాలీ. వాడు నాన్నతో తెల్లవారుజామున వెళ్లి, మూడు రకాల మిర్చి ధరలు చిత్తు కాగితం మీద రాసుకొచ్చాడు. తీసివేతల్లో ఒకచోట తప్పు చేశాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఇంకో అబ్బాయి వాళ్ల అమ్మ నెట్ సెంటర్‌లో మిర్చి బొమ్మలు, పంట చరిత్ర కలర్ ప్రింట్ తీయించి, చార్టు మీద అంటించి, స్కెచ్ పెన్నుతో అంచులు గీసి పంపింది. అందులో లెక్క ఒక్కటి కూడా లేదు.

ఏ చార్టుకు ఎక్కువ వేయాలో టీచరుకు తెలియక కాదు. మొదటివాడికి 9, రెండోవాడికి 4 వేస్తే రెండో తల్లి పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుతుంది: "మా బాబు ఇంత బాగా చేశాడు కదా మేడం, నాలుగే ఎందుకు వేశారు?" జవాబు చెప్పడానికి టీచరు చేతిలో ఏమైనా కాగితం ఉందా? దేనికి ఎన్ని మార్కులని ముందే రాసి పిల్లలకు చెప్పి ఉంటే ఉండేది. సేకరించిన వివరాలకు 4, లెక్కకు 4, శుభ్రతకు 2 అని ఒక్క లైను చాలు. మార్గదర్శకాల్లో ఇలాంటి సూచికలు కొంతవరకు ఉన్నా ఒక్కో ప్రాజెక్టుకు తగ్గట్టు వాటిని మలుచుకునే టైమ్, అలవాటు రెండూ బడుల్లో తక్కువ. దాంతో ఇద్దరికీ తొమ్మిదే పడుతుంది. రెండో ఏడాది టీచరు ఆ ప్రాజెక్టు ఇవ్వడమే మానేసి, అందరూ సులువుగా చేసుకురాగల చార్టు చెబుతారు. మార్కుల్లో తేడా చూపించలేనప్పుడు పనిలో తేడా కోరడం కూడా ఆగిపోతుంది. గ్రేడింగ్ విధానం టీచరు ఎంపికను మార్చేది ఇలాగే. ఫలానాది చేయొద్దని ఏ సర్క్యులరూ చెప్పదు. చేసినందుకు ఫలితం లేకపోతే అదే ఆగిపోతుంది.

పదో తరగతిలో ఇదే కథ రాష్ట్రం మొత్తం మీద నడిచింది. కొన్నేళ్లపాటు పబ్లిక్ పరీక్షకు 80, బడి వేసే అంతర్గత మార్కులకు 20 ఉండేవి. ప్రైవేటు బడులు ఇరవైకి ఇరవై వేసేస్తున్నాయన్న విమర్శ మొదటినుంచీ ఉంది. ప్రభుత్వ బడిలో టీచరు నికరంగా 14 వేస్తే తన పిల్లలే నష్టపోతారు. అందువల్ల అక్కడా 19, 20 పడ్డాయి. నిజాయితీగా మార్కులు వేసినవారి పిల్లలే నష్టపోయే ఏర్పాటు ఎక్కడా నిలవదు. 2019లో రాష్ట్రం ఆ ఇరవై మార్కుల్ని, దాంతోపాటు బిట్ పేపర్ని తీసేసింది. పరీక్ష మొత్తం వందకు పబ్లిక్ రాతపరీక్షే అయింది. ఆ తర్వాత రెండేళ్లు కరోనా. 2020, 2021ల్లో పది పరీక్షలు రద్దయ్యాయి. అందర్నీ పాస్ చేశారు. తర్వాత పై చదువుల కోసం గ్రేడు కావాల్సి వచ్చినప్పుడు మళ్లీ బడి వేసిన మార్కుల దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. నమ్మకం లేదని తీసేసినవాటి మీదే లక్షలమంది పిల్లల గ్రేడు ఆధారపడింది.

2019 నాటి నిర్ణయం తప్పని చెప్పడం కష్టం. ఇరవైకి ఇరవై అందరికీ వచ్చే మార్కు మార్కే కాదు. కానీ రోగం మార్కుల్లో లేదు, వాటిని పోల్చి చూసే ఏర్పాటు లేకపోవడంలో ఉంది. ఒకే జవాబుకు ఇద్దరు టీచర్లు వేరువేరు మార్కులు వేయడం మన దగ్గరే పుట్టిన సంగతి కూడా కాదు. 1912లో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ ఒకే ఇంగ్లిష్ పేపర్ని వందమందికి పైగా టీచర్లకు పంపి దిద్దించారు. ఒకరు 64 వేసిన పేపరుకే ఇంకొకరు 98 వేశారు. మనం స్పాట్ వాల్యుయేషన్‌లో కీ ఇచ్చి, చీఫ్ ఎగ్జామినర్‌ని పెట్టి ఈ తేడాను చాలా తగ్గించుకున్నాం. పబ్లిక్ పరీక్షకు చేసిన ఆ పని అంతర్గత మార్కులకు చేయలేదు. చేయకుండానే ఆ మార్కులు నమ్మదగ్గవి కావని తేల్చేశాం.

ఇరవై మార్కులు పోవడంతో తరగతి గదిలో వచ్చిన మార్పు పదో తరగతితో ఆగలేదు. పదిలో లెక్కకు రానిదాన్ని తొమ్మిదిలో ఎందుకు చేయించాలన్న ప్రశ్న తల్లిదండ్రులే అడుగుతారు. ఎఫ్‌ఏలో ప్రాజెక్టు గడి ఉంటుంది. కానీ తొమ్మిదో తరగతి టీచరు మనసులో పది పేపరే ఉంటుంది.

ఆ పేపర్ని ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. పదో తరగతి లెక్కల పేపరులో 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. పాస్ మార్కు 35. ఈ రెండు అంకెలు కలిస్తే బడిలో ఏం జరుగుతుందో డిసెంబరు తర్వాత ఏ హైస్కూలుకు వెళ్లినా తెలుస్తుంది. స్లిప్ టెస్టుల మార్కుల్ని బట్టి పిల్లల్ని విడదీస్తారు. వందకు ఇరవై దగ్గర ఆగిపోయిన పిల్లలకు గ్రాఫు లెక్క నేర్పుతారు. రెండు అక్షాలు గీయడం, స్కేలు రాయడం, పట్టిక వేసి బిందువులు గుర్తించడం. ఎనిమిది మార్కుల ప్రశ్న, అడుగడుక్కీ స్టెప్ మార్కులు. దాంతోపాటు పేరున్న సూత్రాలు, ఒక మార్కు ప్రశ్నలు. రోజూ స్లిప్ టెస్టు, రోజూ మార్కు, మార్కు పైకి పంపడం. వంద రోజుల ప్రణాళిక అంటే ఆచరణలో ఇదే.

ఈ పద్ధతిని తేలిగ్గా తీసిపారేయకూడదు. పది ఫెయిలైన అమ్మాయికి చాలాచోట్ల చదువు అక్కడితో ఆగిపోతుంది, పెళ్లి మాటలు మొదలవుతాయి. ఆ అమ్మాయిని 35 దాటించడం కోసం సాయంత్రం ఆరింటిదాకా బడిలో ఉండే టీచరు చేస్తున్నది చిన్న పని కాదు. కానీ ఆ మూడు నెలల్లో తరగతి గదిలో పెట్టే పరీక్షలన్నీ ఒకే ప్రశ్నకు జవాబు వెతుకుతాయి: ఈ పిల్ల గీత దాటుతుందా లేదా? గ్రాఫు గీసిన పిల్లకు ఆ రెండు గీతలు కలిసిన చోటు ఏం చెబుతోందో తెలుసా అని అడిగే స్లిప్ టెస్టు ఆ కట్టలో ఉండదు. అడిగితే పిల్ల బెదిరిపోయి గీసేది కూడా మర్చిపోతుందన్న టెన్షన్ టీచరుది. అరవై వచ్చే పిల్లలు, డెబ్బై వచ్చే పిల్లలు ఇంకా మరుగున పడిపోతారు. పాసవుతారు కాబట్టి వాళ్ల మీద ఎవరికీ బెంగ లేదు, టాప్ మార్కులు రావు కాబట్టి వాళ్లను చూపించుకునేదీ లేదు. హిందీలో పాస్ మార్కు 20 కావడం వల్ల ఆ సబ్జెక్టులో ఈ గీత ఇంకా కిందికి దిగుతుంది, తరగతిలో అడిగే ప్రశ్నలూ దానితోపాటే దిగుతాయి.

పాస్ శాతం మీద ఇంత బరువు ఎందుకు పడుతుందో ఫలితాలు చూస్తే తెలుస్తుంది. రాష్ట్రంలో పది పాస్ శాతం 2019లో 94.88. కరోనా తర్వాత మొదటిసారి పరీక్ష పెట్టిన 2022లో 67.26. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఏడాదికీ ఏడాదికీ ఐదు నుంచి పద్నాలుగు పాయింట్లదాకా ఊగే ఈ అంకె పిల్లల చదువు ఎంత మారిందో చెబుతుందని అనుకోవడం కష్టం. పేపర్ల సంఖ్య, ప్రశ్నల తీరు, అంతర్గత మార్కులు ఉండటం లేకపోవడం, కరోనాలో పోయిన చదువు – అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. అయినా జిల్లాల వరస ఆ అంకెతోనే, జిల్లా విద్యాధికారి (డీఈఓ)కి అక్షింతలు ఆ అంకెతోనే, ఆ అక్షింతలు హెచ్‌ఎం మీదుగా వచ్చి పడేది లెక్కల టీచరు మీదే. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970ల్లో ఒక సంగతి గుర్తించాడు. ఒక అంకెను పట్టుకుని నిర్ణయాలు తీసుకోవడం ఎంత పెరిగితే, ఆ అంకె మీద, అది కొలిచే పని మీద ఒత్తిడి అంత పెరిగి రెండూ వంకరపోతాయని. మన పాస్ శాతానికి ఇది అచ్చంగా సరిపోతుంది.

ప్రైవేటు వైపు ఒత్తిడి ఇంకో దిక్కు నుంచి వస్తుంది. 2012 పది పరీక్షల నుంచి మార్కుల బదులు గ్రేడు పాయింట్లు ఇచ్చినప్పుడు పోటీ తగ్గుతుందని అనుకున్నారు. ఎన్ని పదికి పదులు వచ్చాయన్నది కొత్త పోటీ అయింది. 2022లో మళ్లీ మార్కులు వచ్చాయి. ఆ ఏడాదే ర్యాంకుల ప్రకటనల్ని నిషేధిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మార్కుల రూపం మార్చినంత మాత్రాన వాటిని చూపించుకునే అవసరం పోలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ అవసరం విజయవాడలో ఉన్నంత బలంగా రాష్ట్రంలో ఇంకెక్కడా లేదు. ఇంటర్, ఎంట్రన్స్ కోచింగులకు ఈ ఊరు, గుంటూరు నలభై ఏళ్లుగా పెట్టింది పేరు. ఆ పద్ధతి మెల్లగా కిందికి దిగి ఆరో తరగతి దాకా వచ్చింది.

ఇలాంటి బడుల్లో టీచరు పరీక్షను ఎంచుకోరు. పేపరు హెడ్డాఫీసు నుంచి వస్తుంది, మైక్రో షెడ్యూలులో ఏ వారం ఏ టాపిక్ అన్నది ముందే ఉంటుంది. శనివారం వీకెండ్ టెస్టు, సోమవారానికి మార్కులు పేరెంట్స్ ఫోన్లకు మెసేజ్. కొన్నిచోట్ల ఆ మార్కుల్ని బట్టి పిల్లల సెక్షన్ మారుతుంది. టీచరు జీతం పెంపు, మరుసటి ఏడాది కొనసాగింపు కూడా చాలాచోట్ల సెక్షన్ యావరేజీతో ముడిపడి ఉంటాయి. పేపరు ఎలా వస్తుందో టీచరుకు తెలుసు కాబట్టి వారం మధ్యలో పెట్టుకునే చిన్న టెస్టులు కూడా దానికి రిహార్సల్సే అవుతాయి. ఇక్కడి టీచర్లలో సబ్జెక్టు మీద గట్టి పట్టున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ పట్టుతో సొంతంగా ఒక ప్రశ్న తయారు చేసి అడిగే అవకాశం వాళ్లకే తక్కువ.

బబుల్స్ నింపి జవాబు గుర్తిస్తే మెషిన్ దిద్దే ఓఎంఆర్ షీటు సంగతి ఇక్కడ ఆగి చూడదగ్గది. మూడు బై నాలుగుకు రెండు బై మూడు కలపమంటే ఒక పిల్ల ఐదు బై ఏడు అని రాస్తుంది. పైవి పైవి కలిపింది, కిందవి కిందవి కలిపింది. నోటు పుస్తకంలో ఈ తప్పు కనిపించగానే మంచి టీచరుకు రేపు ఏం చెప్పాలో తెలిసిపోతుంది. ఈ పిల్లకు భిన్నం ఒక సంఖ్యలా కాకుండా రెండు వేరువేరు సంఖ్యల్లా కనిపిస్తోందన్నమాట. ముందు ఒకటిలో సగం, సగం కలిపి చూపించాలి. ఆ పిల్ల పద్ధతి ప్రకారం చేస్తే సగం, సగం కలిపి రెండు బై నాలుగు, అంటే మళ్లీ సగమే వస్తుంది. తప్పు తనకే కనిపిస్తుంది. అదే ప్రశ్న ఓఎంఆర్‌లో ఉండి, పిల్ల తప్పు బబుల్ నింపితే టీచరుకు చేరేది సున్నా. నెగెటివ్ మార్కులుంటే మైనస్ ఒకటి.

ఆబ్జెక్టివ్ ప్రశ్నలన్నీ పనికిరానివని దీని అర్థం కాదు. ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఐదు బై ఏడును కావాలనే ఒకటిగా పెట్టి, ఏ సెక్షన్‌లో ఎందరు దాన్ని ఎంచుకున్నారో మర్నాడే టీచరుకు చెబితే అది చాలా మంచి మూల్యాంకనం. 2022-23లో ప్రభుత్వ బడుల్లో కింది తరగతులకు సీబీఏ (క్లాస్‌రూమ్ బేస్డ్ అసెస్‌మెంట్) పేరుతో ఓఎంఆర్ పరీక్షలు తెచ్చినప్పుడు ఆలోచన దాదాపు ఇదే. ఇబ్బంది ఎక్కడంటే, షీట్లు పైకి వెళ్లి, స్కాన్ అయి, నివేదికగా తిరిగి వచ్చే లోపల టీచరు తర్వాతి పాఠంలో ఉండేవారు. సమాచారం పైవాళ్లకు ఎంత వేగంగా వెళ్తుందన్న దాని మీద పెట్టిన శ్రద్ధ, పాఠం చెప్పే మనిషికి ఎప్పుడు చేరుతుందన్న దాని మీద లేకపోతే పిల్లకు ఒరిగేది తక్కువ.

ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఎంపిక ఇంకా చిక్కుపడింది. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు ప్రభుత్వ బడుల్లో ఉన్నాయి. క్లాసులో టీచరు రెండూ కలిపే చెబుతారు. ఆకులో ఆహారం ఎలా తయారవుతుందని అడిగితే ఏడో తరగతి పిల్ల ఎండ, నీళ్లు, గాలి, పచ్చదనం అన్నీ కలిపి తెలుగులో గడగడా చెబుతుంది. స్లిప్ టెస్టులో ఇంగ్లిష్‌లో రాయమంటే రెండు వాక్యాలు బట్టీ పట్టినవి రాస్తుంది, మూడోది మర్చిపోతుంది. ఆ పిల్లకు ఎన్ని మార్కులు? మార్కు సైన్సుకా, ఇంగ్లిష్‌కా? ఈ ప్రశ్నకు సూటి జవాబు లేనంతకాలం టీచరు తనను తాను కాపాడుకునే దారి పడతారు. పుస్తకం వెనక ప్రశ్నలే ఇస్తారు, జవాబులు బోర్డు మీద రాసి చూచిరాతగా నోట్స్ రాయిస్తారు, అవే టెస్టులో అడుగుతారు. పిల్లలు పాసవుతారు. ఆకు గురించి ఆ పిల్లకు నిజంగా తెలిసిన సంగతి ఏ గడిలోకీ రాదు. భాగస్వామ్యం గడి సరిగ్గా ఇలాంటి పిల్ల కోసమే ఉంది. అక్కడ తెలుగులో చెప్పిన జవాబుకు పూర్తి మార్కులు వేయొచ్చని ఒక్క మాట రాసి పంపితే వేల తరగతి గదుల్లో ప్రశ్న అడిగే తీరు మారుతుంది.

మార్కుకు, పిల్ల నేర్చుకోవడానికి మధ్య సంబంధం గురించి ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో పదకొండు, పన్నెండేళ్ల పిల్లల మీద ఒక అధ్యయనం చేశారు. కొందరికి పని మీద వ్యాఖ్య మాత్రమే రాసి ఇచ్చారు. కొందరికి మార్కు మాత్రమే. కొందరికి మార్కూ, వ్యాఖ్యా రెండూ. మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ ఇచ్చినవాళ్లు మార్కు మాత్రమే ఇచ్చినవాళ్లలాగే ఉండిపోయారు. మార్కు కనిపించగానే పిల్ల దృష్టి దాని మీదికి పోతుంది, పక్కనున్న మాట చదవదు. పేపర్లు ఇచ్చిన రోజు ఏ తరగతిలో చూసినా ఇదే. పిల్లలు ముందు చూసేది ఎర్రసిరా అంకెను, తర్వాత పక్కవాడి అంకెను, ఆ తర్వాత మడిచి బ్యాగులో పెట్టేస్తారు. టీచరు రాత్రి పదకొండింటిదాకా కూర్చుని మార్జిన్‌లో రాసిన మాటలు అక్కడే ఉండిపోతాయి. కొన్నాళ్లకు టీచరూ రాయడం మానేస్తారు. ప్రతి ఎఫ్‌ఏకీ, ప్రతి గడికీ అంకె కావాలని అడిగే విధానం తెలియకుండానే ఈ పని చేస్తోంది.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా జరిగిన మెగా పేరెంట్స్ మీటింగ్‌లో హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చారు. మార్కులతోపాటు పిల్ల ఆరోగ్యం, ప్రవర్తన, ఆసక్తులు కూడా అందులో ఉంటాయి. 2020 జాతీయ విద్యా విధానం చెప్పినదానికి ఇది అనుగుణమే. 2025-26లో పరీక్షలన్నీ ఒకే పుస్తకంలో రాయించే అసెస్‌మెంట్ బుక్‌లెట్లు వచ్చాయి. పిల్ల ఏడాది పొడుగునా రాసిన జవాబులు ఒకేచోట ఉంటాయి కాబట్టి జూలైలో చేసిన తప్పు నవంబరులోనూ చేస్తోందా అన్నది తల్లిదండ్రులు కూడా చూడగలరు. ఇది మంచి సాధనం. అయితే పుస్తకంలో నింపాల్సిన వివరాలు, ఆన్‌లైన్ ఎంట్రీలు కలిసి పనిభారం పెరిగిందని ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆ అభ్యంతరాన్ని పని ఎగ్గొట్టడంగా చూడకూడదు. 2,560 అంకెల లెక్క తెలిసినవాళ్లకు అది అర్థమవుతుంది. పాత గళ్లు తీసేయకుండా కొత్త గళ్లు కలిపిన ప్రతిసారీ మొదట పోయేది పిల్లను గమనించే టైమే.

కాబట్టి ముందు చేయాల్సింది కోత. నాలుగు ఎఫ్‌ఏల్లో రెండింటి మార్కుల్ని పైకి పంపాల్సిన అవసరం లేదని తేల్చేయొచ్చు. టీచరు ఆ రెండింటినీ పెడతారు, దిద్దుతారు, పిల్లలతో మాట్లాడతారు. అంకె బడి దాటదు. అప్పుడు ఆ టెస్టులో కష్టమైన ప్రశ్న అడగడానికి భయం ఉండదు, సగంమంది తప్పు రాసినా సంజాయిషీ ఇవ్వాల్సింది లేదు. నిజానికి సగంమంది తప్పు రాసే ప్రశ్నే ఆ టీచరుకు కావాలి. మిగతా రెండు ఎఫ్‌ఏలకు గళ్లు నాలుగు కాకుండా రెండు చాలు: రాసింది ఒకటి, చెప్పింది లేదా చేసింది ఒకటి. రెండో గడికి సెక్షన్ మొత్తాన్ని ఒకేసారి కాకుండా రోజుకు ఐదుగురిని వింటూ పోతే నలభై మందికి ఎనిమిది పనిదినాలు పడతాయి. పాఠం ఆగదు.

రెండోది, ప్రాజెక్టు మార్కులు పోల్చి చూసుకోవడం. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. దగ్గర దగ్గర బడుల సబ్జెక్టు టీచర్లు ఒకచోట కూర్చునే రోజు అది. ఎక్కువ టైమ్ పైనుంచి వచ్చిన సమాచారం చదవడానికే పోతోందని చాలామంది టీచర్ల ఫిర్యాదు. అందులో గంట తీసి, ఐదుగురు పిల్లల జవాబులు పేర్లు లేకుండా జిరాక్స్ తీసి పంచొచ్చు. ఎవరికి వారు మార్కులు వేసి, తర్వాత చదివి వినిపించాలి. ఒకే జవాబుకు ఒకరు 3, ఇంకొకరు 7 వేశారని తేలగానే అసలు మాటలు మొదలవుతాయి. 7 వేసినవాళ్లు ఆ పిల్ల ఆలోచనకు వేశారు, 3 వేసినవాళ్లు పుస్తకంలో ఉన్న వాక్యం లేదని తగ్గించారు. ఏది సరైందో ఆ గదిలోనే వాదించుకుంటారు. అలా రెండు మూడు నెలలు జరిగితే మార్కులు దగ్గరపడటమే కాదు, పుస్తకంలోని వాక్యాన్ని తిరిగి రాయమని అడిగే ప్రశ్నను తర్వాతి ఎఫ్‌ఏలో పెట్టడానికి టీచర్లే వెనకాడతారు.